చూసినవాడికే ఎన్నిసార్లు చూపిస్తారు?

ఈ సంచికకు ప్రకటనలు పోగుచేసే పని ఈ ఏడు నా నెత్తిన కూడా పడింది. రసీదు పుస్తకం ఒకరి చేతిలో, పోయినేటి సంచిక ఇంకొకరి చేతిలో పెట్టుకుని నలుగురం కలిసి డాబా గార్డెన్స్ నుంచి పూర్ణా మార్కెట్ దాకా కొట్టు కొట్టూ ఎక్కి దిగాం. చదువుకునే పిల్లలం గదా అని కొందరు మజ్జిగ ఇచ్చారు. కొందరు "రేపు రండి" అన్నారు. ఆ రేపు ఇంకా రాలేదు. ఒక బట్టల కొట్టు యజమాని మాత్రం మమ్మల్ని కూర్చోబెట్టి, సంచికను అటూ ఇటూ తిరగేసి, ఒక ప్రశ్న వేశాడు.

"ఇది ఎంతమంది చూస్తారు బాబూ?"

"వెయ్యి కాపీలు వేస్తున్నామండీ."

"అది సరే. ఒక్కొక్కళ్ళు ఎన్నిసార్లు చూస్తారు?"

మా దగ్గర జవాబు లేదు. "ఒక్కసారి చూస్తారండీ, తరవాత పెట్టెలో దాచుకుంటారు" అని మావాడొకడు ఉన్న నిజం చెప్పేశాడు. ఆయన నవ్వి తన ఫోను తీసి చూపించాడు. ఫోనుల్లో ప్రకటనలు వేసిపెట్టే కుర్రాడు ఒకడు ప్రతి వారం ఆయనకు ఒక చిట్టా పంపుతాడట. ప్రకటన ఎంతమందికి చేరింది, మొత్తం ఎన్నిసార్లు కనబడింది, తలకు సగటున ఎన్నిసార్లు పడింది, అన్నీ అందులో ఉన్నాయి. "తలకి ఆరు పడిందట. ఆరు మంచిదా, చెడ్డదా? అడిగితే వాడూ చెప్పలేడు" అన్నాడాయన.

అర పేజీ ప్రకటన ఇచ్చాడు లెండి. కాని ఆ ప్రశ్న మాత్రం నాతో హాస్టలు దాకా వచ్చి కూర్చుంది.

ఇది వ్యాపారుల గొడవ, మనకెందుకు అని విద్యార్థి మిత్రులు అనుకోవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఆలోచిస్తే తెలిసిందేమిటంటే, ఆ "తలకి" అన్న మాటలో ఉన్న తల మనది. పొద్దున్న లేచి ఫోను చేతిలోకి తీసుకున్న క్షణం నుంచి రాత్రి అది ఛాతీ మీద పడి నిద్రపోయేదాకా, ఫలానా ప్రకటనను ఈ మనిషికి ఇంకోసారి చూపాలా వద్దా అని ఎవరో, కాదు, ఏదో యంత్రం నిర్ణయిస్తూనే ఉంటుంది. ఒకే మనిషికి ఒకే ప్రకటన ఇన్నాళ్ళలో ఇన్నిసార్లకు మించి చూపరాదని పెట్టే కట్టుబాటును ప్రకటనలవాళ్ళ భాషలో ఫ్రీక్వెన్సీ క్యాప్ అంటారు. తెలుగులో పరిమితి అనుకుందాం. ఆ పరిమితి ఉంటుంది. కాకపోతే దాన్ని పెట్టేవాడు డబ్బిచ్చేవాడు. చూసేవాడిని ఎవరూ అడగరు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

అభ్యంతరం చెప్పేముందు నేను కూడా అవతలి గట్టున నిలబడిన సంగతి ఒప్పుకోవాలి. రాజమండ్రిలో మా పిన్ని ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి పట్టి అమ్ముతుంది. బాబాయి పోయాక ఆ జాడీలే ఆ ఇంటికి ఆధారం. రెండు వేసవుల క్రితం, "ఒరేయ్, చదువుకున్నవాడివి, నాకూ ఆ ఫోను ప్రకటన ఏదో వేసిపెట్టు" అంది. రోజుకు 200 రూపాయల చొప్పున పది రోజులు వేశాను. ఎర్రగా నూనె తేలిన ఆవకాయ జాడీ ఫోటో, కింద ఫోన్ నంబరు. పది రోజులయ్యాక లెక్క చూస్తే, 4,500 మందికి చేరింది, మొత్తం 18,000 సార్లు కనబడింది. తలకు నాలుగు. బాగానే ఉందే అనుకున్నాం.

మర్నాడు హైదరాబాదు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "ఏవండీ, మీ ఆవకాయ మొన్ననే కిలో తెప్పించుకున్నాను గదా. ఇంకా ఆ జాడీ నా వెంటపడుతుందేమిటి? కూర్చుంటే జాడీ, లేస్తే జాడీ. మా ఆయన నవ్వుతున్నాడు!"

అప్పుడు నాకు సగటు చేసే మోసం అర్థమైంది. 4,500 మందిలో 4,000 మంది తలా రెండుసార్లు చూశారనుకోండి, 8,000. మిగిలిన 500 మందికి తలా ఇరవైసార్లు పడిందనుకోండి, 10,000. రెండూ కలిపితే 18,000. సగటు నాలుగే! కాగితం మీద నాలుగు అని ముచ్చటగా కనబడుతుంది. ఆ నాలుగు నిజంగా చూసినవాడు ఒక్కడు కూడా లేకపోవచ్చు. మనిషికి నాలుగే అని గీత గీసి ఉంటే ఆ 500 మంది దగ్గర 8,000 సార్లు మిగిలేది. పిన్ని పెట్టిన 2,000 రూపాయల్లో దాదాపు 890 రూపాయలు. ఆ డబ్బుతో ఇంకో నాలుగు వేల మందికి తలా రెండుసార్లు జాడీ చూపించి ఉండొచ్చు. స్టాటిస్టిక్స్ పేపర్లో సగటు పక్కన విచలనం ఎందుకు రాయమంటారో నాకు మా లెక్చరరు గారి కంటే ఆ హైదరాబాదు ఆవిడే బాగా చెప్పింది.

యంత్రం అలా ఎందుకు చేస్తుంది? ఒకసారి తాకినవాడు మళ్ళీ తాకుతాడని దానికి తెలుసు గనక. కొత్తవాడిని వెతకడం కంటే ఆగి చూసినవాడి దగ్గరికే మళ్ళీ వెళ్ళడం దానికి సుఖం. పిన్ని ఆవకాయ కొన్నావిడ జాడీ మీద వేలు పెట్టింది గదా, అందుకని ఆమె యంత్రం దృష్టిలో మంచి గిరాకీ. కొనేసింది, ఇంక వద్దు అన్న సంగతి ఎవరూ దానికి చెప్పలేదు. నేనే చెప్పవలసింది. నాకు తెలియదు.

పూర్వం ఈ బాధ లేదా అంటే, బాధ ఉంది, లెక్క లేదు. వివిధ భారతిలో వ్యాపార ప్రకటనలు 1967 నవంబరు 1న మొదలయ్యాయి, దూరదర్శన్‌లో 1976 జనవరి 1న. సినిమా హాల్లో స్లైడులు సరేసరి. నిర్మా పాట వినని ఇల్లు ఉందా? అయితే ఆ పాట వీధి వీధంతటికీ ఒకేసారి వినబడేది. ఎవరు విన్నారో, ఎవరు ఆ టైముకి పెరట్లో నీళ్ళు తోడుకుంటున్నారో పాట వేసినవాడికి తెలియదు. అందరికీ ఒకే లెక్కన పడే వాన అది. ఇప్పటిది పైపు పెట్టి ఒక్కడి నెత్తిన పోసే నీళ్ళు.

ఎన్నిసార్లయితే చాలు అన్న ప్రశ్న మాత్రం పాతదే. 1959లో జీల్‌స్కీ అనే అమెరికా పరిశోధకుడు ఒక పరీక్ష చేశాడు. ఒకే వస్తువుకు చెందిన పదమూడు ప్రకటనలను కొందరు స్త్రీలకు వారానికొకటి చొప్పున పదమూడు వారాలు టపాలో పంపాడు. ఇంకొందరికి అవే పదమూడింటిని నాలుగు వారాలకొకటి చొప్పున ఏడాది పొడుగునా పంపాడు. వారం వారం అందుకున్నవాళ్ళలో పదమూడో వారానికి 63 శాతం మందికి ప్రకటన గుర్తుంది. నెమ్మదిగా అందుకున్నవాళ్ళలో ఏడాది చివరికి 48 శాతం. అయితే మొదటి జట్టు ప్రకటనలు ఆగగానే గబగబా మరిచిపోయింది. ఇది మనకు కొత్తా? పరీక్షల ముందు వారం రోజులు రాత్రింబవళ్ళు బట్టీ పట్టినవాడి సంగతీ, ఏడాదంతా రోజుకో గంట చదివినవాడి సంగతీ ఇదే గదా. మొదటివాడికి మార్కులు రావచ్చు. వేసవి సెలవులయ్యాక అడగండి, తెలుస్తుంది.

1968లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఇంకో వింత చూపించాడు. అర్థం లేని మాటలు, చైనా లిపిలాంటి గుర్తులు, మనుషుల ఫోటోలు కొన్నిటిని ఒకటి రెండుసార్లు, కొన్నిటిని ఇరవై అయిదుసార్ల దాకా చూపించి, ఏవి బాగున్నాయని అడిగితే, ఎక్కువసార్లు చూసినవే బాగున్నాయన్నారట. పదే పదే చూసిన ముఖం మంచి ముఖంలా తోస్తుందన్నమాట. ప్రకటనలవాళ్ళకు ఇది పండగ కబురు. ఆ పండగ ఎక్కువకాలం నిలవలేదు. 1979లో కాసియోపో, పెట్టీ అనే ఇద్దరు, ఒకే వాదనను విద్యార్థులకు ఒకసారి, మూడుసార్లు, అయిదుసార్లు వినిపించి చూశారు. మూడుసార్ల దాకా ఒప్పుకోవడం పెరిగింది. అయిదుసార్లకు తగ్గింది. తలలో ఎదురు వాదనలు మొలిచాయి. మా నాన్నగారు ఇదే యూనివర్సిటీలో చదివిన రోజుల నాటి యూనియన్ ఎన్నికల గురించి చెప్పే కథ కూడా ఇదే. గది తలుపు మూడుసార్లు తట్టినవాడికి ఓట్లు పడ్డాయట. రోజూ రాత్రి పదకొండింటికి తట్టినవాడికి మాత్రం తన గదిలోవాళ్ళ ఓట్లు కూడా పడలేదట! నాన్నగారు ఎవరికి వేశారో ఇప్పటికీ చెప్పరు.

ఈ మూడు అన్న అంకెకు ఒక పురాణం ఉంది. 1972లో హెర్బర్ట్ క్రుగ్మన్ అనే ఆయన ఒక వ్యాసం రాస్తూ, మూడుసార్లు చూస్తే చాలవచ్చు అన్నాడు. మొదటిసారి చూసినప్పుడు మనిషి "ఇదేమిటి?" అనుకుంటాడు. రెండోసారి "అయితే నాకేమిటి?" అనుకుంటాడు. మూడోసారి గుర్తుచేసుకుంటాడు, లేదా వదిలేస్తాడు. ఆపైన ఎన్నిసార్లు చూసినా మూడోదానికి నకళ్ళే. ఆయన చెప్పింది మనసులో జరిగే మూడు మెట్ల గురించి. వ్యాపార లోకం దాన్ని గడియారంలా పట్టుకుని, లెక్కపెట్టి మూడు చూపిస్తే చాలు అని సూత్రం చేసుకుంది. 1995 ప్రాంతంలో జాన్ ఫిలిప్ జోన్స్ అనే ఆయన లెక్కలు వేసి, కొనే ముందు వారంలో ఒక్కసారి కంటపడినా పని జరుగుతుందన్నాడు. సూత్రం మళ్ళీ మారింది.

నాకు క్రుగ్మన్ వ్యాసంలో అన్నిటికంటే భయం వేసిన సంగతి వేరే ఉంది. ప్రకటనను ఎన్నోసార్లు చూసీ చూడనట్టు పక్కకు నెట్టేసిన మనిషికి, ఎప్పుడో అవసరం ముంచుకొచ్చిన రోజున, ఆ మనసులోని రెండో మెట్టు వస్తుంది. "నాకేమిటి?" అన్న ప్రశ్న ఆ రోజు నిజంగా పుడుతుంది. ఆవకాయకు ఇలా జరిగితే మంచిదే. అన్నీ ఆవకాయలు కావు.

మేం మొదటి ఏడాదిలో ఉన్నప్పుడు నా గదిలో ఒక మిత్రుడు ఉండేవాడు. పార్వతీపురం వైపు పల్లెటూరు. తండ్రి కౌలుకు చేస్తారు. మెస్సు బిల్లు రెండు నెలలది బాకీ పడి, ఇంటికి రాయలేక, వాడొక రాత్రి "అయిదు నిమిషాల్లో అప్పు, కాగితాలక్కర్లేదు" అన్న ప్రకటన మీద వేలు పెట్టి చూశాడు. చూసి భయపడి మూసేశాడు. అంతే. మర్నాటి నుంచి అది వాడిని వదల్లేదు. పాట వింటే అదే, క్రికెట్ స్కోరు చూస్తే అదే, లెక్కల పాఠం వీడియో మధ్యలోనూ అదే. ఒక ఆదివారం విసుగెత్తి నోటు పుస్తకం వెనక అట్ట మీద గీతలు పెట్టడం మొదలుపెట్టాడు. రాత్రికి 23 గీతలు. నాకు చూపించి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వినందుకు సిగ్గేస్తుంది.

ఫీజు ఆఖరి తేదీ ముందు రోజు రాత్రి వాడు అప్పు తీసుకున్నాడు. అడిగింది మూడు వేలు. రుసుమని ముందే కోసుకుని చేతికిచ్చింది రెండు వేలకు కొంచెం తక్కువ. వారంలో మూడు వేలూ కట్టాలి. ఎనిమిదో రోజు నుంచి ఫోన్లు. వాడి ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ, చివరికి ఊళ్ళో వాళ్ళ మేనమామకు కూడా, వీడు దొంగ అని కబుర్లు వెళ్ళాయి. తండ్రి వచ్చి, రాత్రంతా హాస్టలు వరండాలో కూర్చుని, పొద్దున్న డబ్బు కట్టి వాడిని ఇంటికి తీసుకుపోయారు. ఆ సెమిస్టరు పరీక్షలు వాడు రాయలేదు. తిరిగి వచ్చాడు, చదువుతున్నాడు, అది వేరే సంగతి. వెళ్ళే ముందు వాడన్న మాట ఒకటి నాకు మరపురాదు. "ఇన్నిసార్లు వద్దన్నాను రా. ఆ ఒక్కసారే సరే అన్నాను. వాళ్ళకి ఆ ఒక్కటే లెక్క."

ఎంత నిజం! ఎన్నిసార్లు చూపించామో లెక్క పెడతారు, ఎన్నిసార్లు తాకాడో లెక్క పెడతారు. ఎన్నిసార్లు వద్దన్నాడో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మన ఇళ్ళల్లో భోజనాల దగ్గర కూడా రెండోసారి వద్దంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం, వడ్డించేవాళ్ళు ఆగుతారు. ఇక్కడ చెయ్యి అడ్డం పెట్టే చోటే లేదు.

అప్పుల యాప్‌ల గోల మీద రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నిబంధనలు తెచ్చింది. అప్పు ఇచ్చేవాడి యాప్ మన ఫోనులోని నంబర్ల జాబితా జోలికి పోకూడదు, అప్పు తీసుకున్నాక మనసు మార్చుకోవడానికి కొంత గడువు ఇవ్వాలి అని అందులో ఉంది. చాలా మంచిది. కాని గమనించండి, తీసుకున్నాక ఆలోచించుకోవడానికి గడువు ఉంది, తీసుకోకముందు ఊపిరి తీసుకోవడానికి గడువు లేదు. రోజుకు 23సార్లు "తీసుకో, తీసుకో" అంటుంటే ఆలోచన ఎక్కడ సాగుతుంది? పేకాట సంగతీ ఇంతే. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణలో 2017లో, మన రాష్ట్రంలో 2020లో నిషేధించారు. కేంద్ర ప్రభుత్వం 2025 ఆగస్టులో చట్టం తెచ్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ, వాటి ప్రకటనలనూ కూడా నిషేధించింది. ఆ మధ్య ఏళ్ళలో ఒకసారి ఆడి మానేద్దామనుకున్న కుర్రాళ్ళ ఫోనుల్లో ఆ ముక్కలు ఎన్నిసార్లు పరిచారో లెక్క ఎవరి దగ్గర ఉంది? ఉంటే గింటే ఆ పరిచినవాళ్ళ దగ్గరే ఉండాలి.

పరిమితి పెడితే సరిపోతుంది గదా అంటే, ఆ పెట్టడంలోనూ బోలెడు కంతలున్నాయి. ప్రకటన ఇచ్చేవాడు రోజుకు మూడు అని పెట్టాడనుకోండి. ఒక కంపెనీ పుస్తకంలో మూడు, ఇంకో కంపెనీ పుస్తకంలో మూడు. మనం రోజుకు అయిదు చోట్ల తిరిగితే పదిహేను. ఎవరి పుస్తకం వారిది, ఒకరి పుస్తకం ఒకరు చూడరు. పైగా అదే ప్రకటనను ఒకటి ఎర్ర అక్షరాలతో, ఒకటి నీలం అక్షరాలతో తయారుచేసి ఒక్కొక్కదానికీ విడిగా పరిమితి పెడితే ముప్ఫై. రంగు మారింది గనక కొత్త ప్రకటన అట! హాజరు పట్టీలో చొక్కా మార్చుకుని రెండుసార్లు ప్రజెంట్ చెప్పినట్టుంది.

ఇంకో చిక్కు కొంచెం లోతైనది. ఎన్నిసార్లు చూపించారో లెక్కపెట్టాలంటే చూసినవాడిని గుర్తుపట్టాలి గదా. కంప్యూటర్‌లో ప్రకటన మొదటిసారి పెద్ద ఎత్తున కనబడింది 1994 అక్టోబరు 27న, హాట్‌వైర్డ్ అనే పత్రికలో. ఆ ఏడే నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటులీ అనే ఇంజనీరు కుకీ అనే చిన్న చీటీని కనిపెట్టాడు. వచ్చినవాడు పాతవాడా కొత్తవాడా అని గుర్తుపెట్టుకునే చీటీ. తరవాత ప్రకటనల కంపెనీలు ఆ చీటీనే పట్టుకుని ఊరంతా మన వెనక తిరిగాయి. జనం గోల పెట్టారు. ఆపిల్ తన సఫారీలో 2020లో పరాయి కుకీలను పూర్తిగా ఆపేసింది. 2021లో ఐఫోనులో, మిమ్మల్ని వెంబడించవచ్చా అని ముందు అడిగి తీరాలని నియమం పెట్టింది. గూగుల్ కూడా క్రోమ్‌లో ఆపేస్తానని 2020లో ప్రకటించి, వాయిదాలు వేసి, 2024 జూలైలో ఆ మాట వెనక్కి తీసుకుంది. ఇందులో తమాషా ఏమిటంటే, మనల్ని గుర్తుపట్టడం మానేస్తే లెక్క కూడా పోతుంది. ప్రతిసారీ మనం కొత్తవాళ్ళమే. కనక అదే ప్రకటన మళ్ళీ మొదటిసారి లాగే వస్తుంది. "నన్ను గుర్తుపెట్టుకోకు, కాని నాకు చెప్పిందే చెప్పకు" అంటే మతిమరుపు తాతగారి దగ్గర కథ విన్నట్టే.

అందుకని మళ్ళీ వెంబడించనిద్దామా? నేను ఒప్పుకోను. లెక్క అవతలివాడి పుస్తకంలో ఎందుకుండాలి? నా ఫోనులోనే ఉండొచ్చు గదా. ఈ ప్రకటన ఇక్కడ ఇప్పటికి రెండుసార్లు వచ్చింది, ఇంక చాలు అని చెప్పడానికి నా పేరు, ఊరు, అలవాట్లు బయటికి పోనక్కరలేదు. ఇది గాలిలో మేడ కాదు, ఇటువంటి పద్ధతుల మీద కంపెనీలే ప్రయోగాలు చేశాయి. మనసు పెట్టకపోవడమే అసలు సమస్య.

టెలివిజన్ సంగతి చూడండి. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయరాదని మన దేశంలో నియమం ఉంది. ఎంతవరకు పాటిస్తున్నారన్నది మా అమ్మను అడిగితే సీరియలు ఆపి మరీ చెబుతుంది. అయినా నియమమంటూ ఒకటి ఉంది. ఫోనులో ఒకే మనిషికి ఒకే అప్పు ప్రకటన గంటకు ఎన్నిసార్లు అన్నదానికి అటువంటి నియమం ఏదీ లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలను వెంబడించడాన్ని, వాళ్ళకు గురిపెట్టి ప్రకటనలు వేయడాన్ని కాదంది. దాని నియమావళి 2025 నవంబరులో వచ్చింది, అమలు దశలవారీగా పెట్టుకున్నారు. సంతోషం. కాని మనం పద్దెనిమిది దాటినవాళ్ళం. ఇంటి నుంచి మొదటిసారి దూరంగా వచ్చి, మొదటిసారి చేతిలో డబ్బు, చాలనంత డబ్బు, పెట్టుకుని, రాత్రి ఒంటి గంటకు ఒంటరిగా ఫోను చూసే వయసు సరిగ్గా చట్టం గోడ అవతల మొదలవుతుంది.

గూగుల్ 2022 నుంచి ఒక సదుపాయం పెట్టింది. మద్యం, జూదం, బరువు తగ్గించడం వంటి కొన్ని విషయాల ప్రకటనలు నాకు తక్కువ చూపించు అని చెప్పుకోవచ్చు. నేను వెళ్ళి నొక్కాను. మీరూ నొక్కండి. అయితే అందులో "తక్కువ" అని ఉంది గాని ఎన్ని అన్నది లేదు. మెస్సులో "కొంచెం వేయండి" అన్నట్టు. ఎంత కొంచెమో వడ్డించేవాడి ఇష్టం.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. ఇవన్నీ ఉచితంగా ఎలా వస్తున్నాయి, ప్రకటనల డబ్బుతోనే గదా, పరిమితులు పెడితే మా పిన్నిలాంటి చిన్నవాళ్ళు దెబ్బతినరా అంటారు. పిన్ని లెక్క పైన చెప్పాను. ఆమె దెబ్బతిన్నది పరిమితి లేకపోవడం వల్ల. ఒకడికే ఇరవైసార్లు చూపి డబ్బు తీసుకునే పద్ధతిలో లాభపడింది ఆవిడా కాదు, ఆ హైదరాబాదు ఆవిడా కాదు. పచ్చళ్ళకూ, చీరలకూ అయితే వ్యాపారి విచక్షణకు వదిలేయండి. విసుగెత్తితే జనం కొనరు, అతనే నేర్చుకుంటాడు. అప్పుల విషయంలో అలా వదలడానికి వీల్లేదు. ఎందుకంటే అక్కడ విసుగెత్తినవాడు కూడా అవసరం పడ్డ రోజున తలవంచుతాడు, వ్యాపారికి నేర్చుకునే అవసరమే రాదు. కనక అప్పు ప్రకటనలకు ఒక మనిషికి వారానికి ఇన్ని అని చట్టమే అంకె వేయాలి. నా మటుకు ఒకటి చాలు. రంగులు మార్చినా, కంపెనీలు మారినా కలిపి ఒకటే లెక్క. ఒకసారి మూసేస్తే దాన్ని వద్దన్నట్టే లెక్కవేసి నెలరోజులు ఆ ఛాయలకు రాకూడదు. ఇది అతిగా ఉందంటారా? పరిమితి సెట్ చేసే గడి ఆ కంపెనీల తెరల మీద ఎప్పటి నుంచో ఉంది. నేనే నా వేలితో నొక్కి చూశాను గదా.

అవును, ఆ సంగతి చెప్పడం మరిచాను. పోయిన వేసవిలో పిన్ని ప్రకటనకు మనిషికి వారానికి రెండు అని పెట్టాను. కొన్నవాళ్ళ నంబర్లు తీసి పక్కన పెట్టి, వాళ్ళకు అసలే చూపవద్దన్నాను. బేరాలు విపరీతంగా పెరగలేదు, తగ్గనూ లేదు. ఖర్చు మాత్రం కొంత కలిసొచ్చింది.

మే నెల చివర్లో హైదరాబాదు ఆవిడ దగ్గర్నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది. పిన్ని హడలిపోయి ఫోను నా చేతికిచ్చింది.

"ఏం బాబూ, ఈ మధ్య మీ జాడీ కనబడ్డం లేదేం? ఈ ఏడు ఆవకాయ పెట్టలేదా?"

పెట్టామని చెప్పాను. రెండు కిలోలు పంపమంది.